ఎదురు శకునం

బడి గంట కొట్టడానికి శారమ్మ చేయి మంచిదే. పొద్దున్నే గేటు తాళం తీయడానికి, గదులు ఊడ్వడానికి, ఒకటో తరగతి పిల్లలు లాగులు తడుపుకుంటే ఉతికి ఆరేయడానికి, అమెరికా పాలపొడిని ఉండలు కట్టకుండా కలిపి గ్లాసుల్లో పోయడానికి కూడా ఆ చేతికి వంక పెట్టినవాళ్లు లేరు. బడిలో పండుగ అనేసరికి మాత్రం అదే చేతికి ఎక్కడలేని దోషం వచ్చి పడేది. ఆ రోజు గేటు ఇంకెవరో తీసేవారు, గంట ఇంకెవరో కొట్టేవారు. శారమ్మ వెనక వంటింట్లో కూర్చొని ఉల్లిగడ్డలు కోసేది.

కారణం పెద్దదేమీ కాదు. శారమ్మకు మొగుడు లేడు.

మోషే బతికున్నప్పుడు బండి తోలేవాడు. ఎడపల్లి చుట్టుపక్కల కోసిన చెరుకును బోధన్ ఫ్యాక్టరీకి చేర్చే బండి. మూడేళ్ల కిందట, అరవై ఐదులో, కాలువ గట్టు మీద ఆ బండి తిరగబడి చెరుకు మోపుల కింద పడిపోయాడు. అతన్ని మట్టి చేసిన మూడో నాడు వాడలోని ఆడవాళ్లంతా కూడి శారమ్మ గాజులు పగలగొట్టారు, మెడలో పుస్తె తెంపారు. ఆ పుస్తె మీద శిలువ గుర్తుంది. తెంపే ముందు అందరూ కళ్లు మూసుకొని పరలోక జపం కూడా చెప్పారు. మన వాళ్ల భక్తికి లోటెక్కడ! బొమ్మలను వదిలిపెట్టి ఒక తరం గడిచింది గానీ శకునాలను మాత్రం ఎవరూ వదల్లేదు. పిల్లి ఎదురైతే ఈనాటికీ ఆగుతారు, ఒక శిలువ గుర్తు వేసుకొని మళ్లీ బయలుదేరుతారు.

మొగుడు పోయాక ఆ ఊరి చర్చి చూసుకునే విచారణ ఫాదర్ గారు జాలిపడి శారమ్మను బడిలో ఆయాగా పెట్టారు. రెండేళ్లు ఏ గొడవా లేదు. పోయిన ఏడాది బడి వార్షికోత్సవం నాడు అతిథులకు గేటు తీసింది శారమ్మే. ఆ మధ్యాహ్నం గాలిదుమారం లేచింది, షామియానా గుంజ ఊడి పడింది, ఉపదేశి దేవయ్య మనవడి చేయి విరిగింది. కాకి వాలింది, తాటిపండు పడింది. గాలిని ఎవరూ ఏమీ అనలేదు. గుంజ పాతినవాణ్ని కూడా ఏమీ అనలేదు. కాకినే పట్టుకున్నారు. అప్పటి నుంచి పండుగ రోజు శారమ్మ చోటు వంటిల్లు.

ఈ దేవయ్య సామాన్యుడు కాడు. ఫాదర్లు ఇంకా సైకిళ్ల మీద తిరిగే కాలంలోనే ఆయన కాళ్లు బొబ్బలెక్కేలా తిరిగి వాడ వాడంతటినీ జ్ఞానస్నానానికి తెచ్చిన మనిషి. సాయంత్రం పూట పిల్లలకు జ్ఞానోపదేశం, అంటే మతపాఠాలు, చెబుతాడు. గొంతు పెంచడు, తిట్టడు. ఆయన ఒక మాట అంటే వాడలో దానికి తిరుగులేదు.

ఆ వార్షికోత్సవం తర్వాత జూన్‌లో బడికి కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన సిస్టర్ అగాత. మంచి మనిషి, మెత్తని మనిషి. దూదిలాగ ఎటు నొక్కితే అటు ఒదిగేది. ఈస్టర్ పాస్కా పండుగ తర్వాతి ఆదివారం మూడో తరగతి పిల్లలకు తొలి సత్ప్రసాదం, అంటే ప్రభువు శరీరమని నమ్మే అప్పం, ఇద్దామని ఆమే అనుకుంది. ప్రార్థన దగ్గర పిల్లలనూ తల్లులనూ నిలబెట్టి ఎలా జరగాలో చెప్పింది. బడి గేటు దగ్గర పాస్కా వత్తి, నిలువెత్తు మైనపు వత్తి, వెలుగుతూ ఉంటుంది. ఒక్కొక్క తల్లి వచ్చి దాని మీద నుంచి తన పిల్ల చేతిలోని మైనపు వత్తి వెలిగించాలి. పిల్ల చేయి పట్టుకొని ఊరేగింపుగా చర్చి దాకా నడిపించాలి. జ్ఞానోపదేశంలో మొదటి మార్కు వచ్చిన పిల్ల అందరికంటే ముందు నడవాలి.

"పిల్లకు విశ్వాసం ఇచ్చేది తల్లే. అందుకే తల్లి చేతి మీదుగానే వత్తి వెలగాలి," అంది సిస్టరమ్మ.

వరండాలో చీపురు పట్టుకొని నిలబడ్డ శారమ్మ ఆ మాట విన్నది. మొదటి మార్కు వచ్చింది ఆమె కూతురు లూర్దమ్మకే. శారమ్మకు ఆ పూటంతా కాళ్లు నేల మీద ఆగలేదు. ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చింది. తండ్రి లేని పిల్ల, ఆయా కూతురు, పటేళ్ల ఇళ్ల ముందు నుంచి అందరికంటే ముందు నడవబోతోంది. పక్కన తను నడవబోతోంది. మోషే పోయిన తర్వాత ఆమెకు పట్టరాని సంతోషం కలగడం అదే మొదటిసారి.

సిస్టరమ్మ తన పాత అంగీ ఒకటి ఇస్తే దాన్నే కత్తిరించి లూర్దుకు తెల్ల గౌను కుట్టడం మొదలుపెట్టారు. కుట్టేది అత్త బాలవ్వ. అరవై దాటినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. కొడుకు పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఈ ముగ్గురు ఆడవాళ్లే.

గురువారం సాయంత్రం బాలవ్వ గడపలో కూర్చొని గౌను అంచు మడుస్తుంటే దేవయ్య వచ్చాడు. వెంట యేసమ్మ ఉంది. యేసమ్మ మోషే తమ్ముడి భార్య, శారమ్మకు తోడికోడలు. ఆమె రావడమూ, వచ్చి మాట్లాడకుండా కొంగు కొసను వేలికి చుట్టుకోవడమూ చూసి శారమ్మకు సగం సంగతి అర్థమైపోయింది.

"బిడ్డా, నీ మంచికే ఒక ముచ్చట చెప్తున్న," అన్నాడు దేవయ్య మంచం మీద కూర్చొని. "ఆదివారం నాడు లూర్దును మన యేసమ్మ తోల్కపోతది. సిన్నమ్మే గద, పరాయిదా?"

"నాకేం రోగమొచ్చింది పెద్దయ్యా?"

"రోగమేం లేదు. ఎరుక లేనట్టు మాట్లాడకు. పసిపోరగాండ్లు తొలిపారి ప్రభువును తీసుకునే దినం. ముందల ఎవలు నడవాలె, ఎవలు నడవొద్దు, దానికో పద్ధతుంటది."

"గా పద్ధతి జ్ఞానోపదేశంల ఏ పాఠంల ఉన్నది? లూర్దుకు మొత్తం నోటికొస్తది. పిలిచి అడుగుతనా?"

దేవయ్య కోపగించుకోలేదు. "నా మనుమని చెయ్యి ఇయ్యాల్టి దాక సక్కగ ఒంగుతలేదు బిడ్డా," అన్నాడు.

శారమ్మకు ఒక్క క్షణం జాలేసింది. ఆ జాలి వెనకే కోపం ముంచుకొచ్చింది. "గా చెయ్యి ఇరిగిన్నాడు పిలగాన్ని బుజాన ఏసుకొని బోధన్ల కట్టు కట్టేటాయన కాడికి ఉరికింది ఎవలు? మీ కోడలు మూర్చపోయి పడ్డది, మీరు షామియానా కింద కూలబడ్డరు. నా చెయ్యి కీడుదైతే అప్పుడెట్ల ముట్టనిచ్చిండ్రు పెద్దయ్యా?"

జవాబు లేని చోట పెద్దమనుషులు ఏం చేస్తారో దేవయ్య కూడా అదే చేశాడు, లేచి నిలబడ్డాడు. "సిస్టరమ్మతోని మాట్లాడిన. ఆమె గూడ సరే అన్నది. ఇంక నువ్వు నలుగుట్ల లొల్లి వెట్టకు," అని చెప్పి వెళ్లిపోయాడు. యేసమ్మ వెనక్కి తిరిగి చూడకుండా ఆయన వెంటే నడిచింది.

సిస్టరమ్మ సరే అందన్న మాట శారమ్మకు చెంపదెబ్బలా తగిలింది.

బాలవ్వ తల ఎత్తలేదు. సూది ఆగలేదు. "ఊకో బిడ్డా. యేసమ్మ పట్టుకపోతేంది, పిల్లకు అప్పం అందుతది గద," అంది.

"నువ్వు గూడ గదే అంటవా అత్తా?"

"నీ లగ్గంనాడు నన్ను సూసినవా నువ్వు?"

శారమ్మ ఆలోచించింది. వేరే శాఖ క్రైస్తవులైన మెథడిస్టుల ఇంటి నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన రోజు అది. చర్చి గుర్తుంది, బాజా గుర్తుంది, మోషే తలకు చుట్టుకున్న కొత్త రుమాలు గుర్తుంది. అత్త ముఖం మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. వంట పనిలో ఉందేమో అనుకుంది అప్పట్లో. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగాలని తోచలేదు.

"గొడ్ల కొట్టం గోడెనుక కూసున్న," అంది బాలవ్వ. "ఉన్నది ఒక్క కొడుకేనా అంటే ఇద్దరు. ఇద్దరి లగ్గాలకు గాడనే కూసున్న. బాజ వినబడ్డది, పాట వినబడ్డది. సాలు అనుకున్న."

"నాకు సాలదత్తా," అంది శారమ్మ.

మర్నాడు బడి కాగానే హెడ్‌మిస్ట్రెస్ గది ముందు నిలబడింది. సిస్టర్ అగాత ఆమెను చూడగానే విషయం పోల్చుకుంది. కూర్చోమంది. శారమ్మ కూర్చోలేదు.

"చూడు శారమ్మా, ఇదంతా మన నమ్మకం కాదు, నాకు తెలుసు," అంది సిస్టరమ్మ. "కానీ మిగతా తల్లులంతా పట్టుబట్టి కూర్చున్నారంట. నువ్వు ముందు నడిస్తే వాళ్ల పిల్లల్ని పంపేది లేదంటున్నారంట. ఈ ఒక్కసారికి సర్దుకుపో. ఇలాంటివి మెల్లమెల్లగా మార్చుకోవాలి."

"మెల్లగ మార్సుండ్రి సిస్టరమ్మా. లూర్దుకు మాత్రం తొలి సత్ప్రసాదం మల్లొకసారి రాదు గద."

సిస్టరమ్మ ఏదో పుస్తకం సర్దింది. శారమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఒకటడుగుత, కోపానికి రావద్దు. మీకు మొగుడున్నడా?"

సిస్టరమ్మ చేతిలోని పుస్తకం బల్ల మీద పెట్టేసింది.

"బొట్టు లేదు, గాజుల్లేవు, పుస్తె లేదు. నెత్తి నుంచి కాళ్ల దాక తెల్లబట్ట. మీరు ఎదురొస్తే దేవయ్య పెద్దయ్య రెండు చేతులెత్తి దండం వెడ్తడు. నేనెదురొస్తే పక్క సందులకు మర్రుతడు. మనిద్దరికి తేడా ఏందో చెప్పుండ్రి, నేర్సుకుంట."

"శారమ్మా! మేము ప్రభువుకు వధువులం. మా పెనిమిటి పరలోకంలో ఉన్నాడు."

"నా పెనిమిటి గూడ గాడనే ఉన్నడు గద సిస్టరమ్మా! బొంద మీద మన్ను పోసేటప్పుడు ఫాదర్ గారే చెప్పిండ్రు, మోషే పరలోకానికి పోయిండని. మీ పెనిమిటి ఆడుంటే మీరు ముత్తైదులు, నా పెనిమిటి ఆడుంటే నేను ముండనా?"

ఇంకో రోజైతే సిస్టర్ అగాత ఈ మాటకు నవ్వేదేమో. ఆ రోజు నవ్వలేదు. మెత్తని మనుషులకు దారి దొరకనప్పుడు వచ్చే కోపం ఒకటుంటుంది, అది వచ్చింది. ముఖం ఎర్రబడింది. "నీకు నోరు ఎక్కువైంది. ఆదివారం నువ్వు వంటింట్లో ఉండాలి, పిల్లలకు భోజనాలు చూడాలి. ఇది నా మాట. వినకపోతే బడికి ఇంకో ఆయాను చూసుకుంటాను," అంది.

శారమ్మ బయటికొచ్చి తాళాలు వేసుకొని ఇంటికి పోయింది.

ఆమెకు భయం లేదంటే అది అబద్ధం. ఆయా పని పోతే మళ్లీ కొడవలి పట్టుకొని చెరుకు కోతకు పోవాలి. చెరుకాకు కోసిన చేతులు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు. శనివారం నల్లా దగ్గర బిందెలు పట్టుకొని నిలబడ్డ ఆడవాళ్లు ఆమెను చూడగానే మాటలు ఆపారు. ఒకావిడ మాత్రం, "ఊరంత ఒక తొవ్వ అయితే ఉలిపికట్టెదొక తొవ్వ," అని బిందెకు చెప్పింది. శారమ్మ కూడా తన బిందెతోనే మాట్లాడింది. "ఉలిపికట్టె ఇరిగిన చెయ్యి మోసిందా, చెరుకు కోసిందా అని అడుగు," అంది. ఎవరికీ అర్థం కాలేదు, ఆమెకూ సరిగ్గా అర్థం కాలేదు. కోపం మాత్రం అందరికీ అర్థమైంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే ఎండ చుర్రుమంది. బడి గేటు లోపల పిల్లలంతా తెల్లబట్టల్లో, చేతుల్లో రంగు కాగితం చుట్టిన మైనపు వత్తులతో వచ్చి చేరారు. తల్లులు పక్కన నిలబడ్డారు. పాస్కా వత్తి పట్టుకొని సిస్టర్ అగాత గేటు దగ్గర నిలబడింది. చర్చిలో ఫాదర్ గారు ఎదురుచూస్తున్నారు. గంట మోగితే ఊరేగింపు కదలాలి.

అప్పుడు ఉల్లిగడ్డలు కోసే పని అత్త బాలవ్వకు అప్పగించి, వంటింటి వైపు నుంచి శారమ్మ వచ్చింది. మూడేళ్లుగా పెట్టెలో మడిచి పెట్టిన చీర కట్టుకుంది. ఎర్ర అంచు పసుపుపచ్చ చీర. మోషే బోధన్ అంగట్లో కొనిచ్చింది. కూతురి చేయి పట్టుకొని వరుసలో అందరికంటే ముందు నిలబడింది.

తల్లుల్లో గుసగుసలు లేచాయి. దేవయ్య గబగబా వచ్చాడు.

"శారమ్మా, పక్కకు జరుగు."

"జరగ పెద్దయ్యా."

"నేను ఇజ్జత్‌గ చెప్తున్న."

"నేను గూడ ఇజ్జత్‌గనే నిలబడ్డ."

దేవయ్య వెనక్కి తిరిగి యేసమ్మను పిలిచాడు. పిల్ల చేయి అందుకోమన్నాడు. యేసమ్మ వచ్చింది. చేతిని లూర్దు వైపు చాపింది. శారమ్మ అడ్డుపడలేదు.

"పట్టు యేసమ్మా," అంది నెమ్మదిగా. "నీ మొగడు సల్లగ ఉండాలె, నిండు నూరేండ్లు బతకాలె. కని మోషే గూడ పొద్దుగాల బండి కట్టుకొని నవ్వుకుంటనే పోయిండు. రేపు నీ బిడ్డ దినానికి నీకు నా గతే వస్తే నీ బిడ్డ చెయ్యి ఎవలు పట్టాల్నో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. నన్ను పిలువకు, నేను పనికిరాను."

యేసమ్మ చేయి గాలిలోనే ఆగిపోయింది. కళ్లు నిండాయి. ఆమె దేవయ్య వైపు చూడకుండా వెళ్లి మళ్లీ తన చోట నిలబడింది.

"గిట్లయితే ఊరేగింపు కదలదు," అన్నాడు దేవయ్య.

"కదలకుంటే నిలబడుదాం. ఎండ అందరికి ఒక్కటే."

"ఎందుకే గింత మొండి? మంచి పనికి పోయేటప్పుడు నీలాంటోళ్లు ఎదురు రావద్దని నేను పుట్టిచ్చిన్నా?"

"ఎదురొస్తే గద కీడు! నేను మీకు ఎదురొస్తలేను, మీ ముందల పోతున్న. మీకు కనబడేది నా ఈపు. ఈపుకు గూడ శకునముంటదా పెద్దయ్యా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"మాకు గాదు, ఊరికి ఎదురైతవు."

"ఊరికి రోజు ఎదురైతున్న. ఊరు ఇంక బతికే ఉన్నది."

నవ్వు ఈసారి ఇద్దరు ముగ్గురి నుంచి వచ్చింది. కానీ నవ్వినవాళ్లు కూడా కాలు కదపలేదు. ఎండ ముదిరింది. పిల్లల చేతుల్లో మైనపు వత్తులు వెలగకముందే మెత్తబడి ఒక పక్కకు వంగుతున్నాయి. సిస్టర్ అగాత, "శారమ్మా, దయచేసి," అని ఒకసారి అంది. చర్చి నుంచి ఒక మనిషి వచ్చి, ఫాదర్ గారు అడుగుతున్నారు, ఇంకెంతసేపు అని కబురు చెప్పి పోయాడు.

వరుస చివరన ఒక తల్లి తన కొడుకు చేయి పట్టుకొని పక్కకు లాగింది. "మా పిలగానికి ఇంకో దినం ఇప్పిచ్చుకుంటం," అంటూ ఇంటి దారి పట్టింది. ఆమెను చూసి ఇంకొకామె కూడా కదలబోయింది.

శారమ్మ అంతసేపూ నిలబడింది గానీ అది చూసేసరికి ఆమెకు గుండె జారింది. పిల్లలంతా ఒక్కొక్కరే వెళ్లిపోతే? నెల రోజులుగా జపాలు బట్టీపట్టిన పిల్లలు. రేపటి నుంచి వాడంతా అనేది ఒక్కటే, చూశారా, శారమ్మ ముందు నిలబడింది, పండుగే ఆగిపోయింది అని. శకునం నిజమైపోతుంది. దాన్ని నిజం చేసింది తనే అవుతుంది. లూర్దు అరచేయి తన అరచేతిలో చెమటతో జారుతోంది. పిల్ల తల ఎత్తి తల్లి ముఖం చూస్తోంది. పక్కకు జరగడానికి ఒక్క అడుగు చాలు. శారమ్మ ఆ అడుగు వేయడానికి కాలు ఎత్తింది కూడా.

అప్పుడు బయట రోడ్డు మీద నుంచి ఎవరో గట్టిగా దగ్గారు.

బాలవ్వ. వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తున్న మనిషి వెనక దిడ్డి దారిన బయటికి పోయి, గోడ చుట్టూ తిరిగి, నడిరోడ్డు మీదికి వచ్చింది. చేతిలో కత్తిపీట లేదు గానీ ఉల్లి వాసన అలాగే ఉంది. గేటుకు ఎదురుగా, పాస్కా వత్తికి ఎదురుగా, వరుసలో నిలబడ్డ తల్లులకూ పిల్లలకూ అందరికీ ఎదురుగా నడుచుకుంటూ వచ్చి గేటు నడుమ నిలబడింది. నడకలో తొందర లేదు. ఒక్కొక్కరి ముఖమూ చూసింది.

"ఎదురొచ్చిన," అంది. "అందరు సూసిండ్రా? పిల్లలు సూసిండ్రా? దేవయ్యా, నువ్వు సూసినవా? ఇరవై ఐదేండ్ల సంది ముండమోసినదాన్ని, నిండుగ ఎదురొచ్చిన. ఇగ చెడిపోయేది ఉంటే చెడిపోయింది. చెడినంక ఇంకేం చెడ్తది? ఇంటికి పోతే ఇంట్ల మంచిగైతదా? నడవుండ్రి."

దేవయ్య నోరు తెరిచాడు. బాలవ్వ ఆయన కంటే పెద్దది, ఆయన చిన్నప్పుడు ఆమె చేతి జొన్న గట్క తిని పెరిగినవాడు.

"నువ్వే గదరా నన్ను పట్టుకపోయి జ్ఞానస్నానం ఇప్పిచ్చింది," అంది బాలవ్వ. "పాతదంత గా నీళ్లల్ల కొట్టుకపోతదంటివి. పోశమ్మ పోయింది, మైసమ్మ పోయింది, నా బోనం కుండ పోయింది. గిదొక్కటి ఎందుకు మిగిలిందిరా? నా కొడుకు లగ్గం నేను సూడకపోవుటానికా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. శారమ్మ అత్త ఏడవడం మోషే పోయిన రోజు చూసింది, మళ్లీ ఇదే చూడటం.

దేవయ్య తల మీది రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. గేటు దగ్గర నుంచి మెల్లగా వెనక్కి నడిచి, వరుస దాటి, అందరికంటే చివరన పోయి నిలబడ్డాడు. ఆయన మనసులో ఏముందో ఆ రోజు ఎవరికీ తెలియలేదు. కానీ దారి మాత్రం వదిలాడు.

శారమ్మ సిస్టరమ్మ వైపు చూసింది. పాస్కా వత్తి బరువైనది, ఎత్తైనది, కిందికి వంచితే తప్ప చేయి అందదు. సిస్టర్ అగాత రెండు చేతులతో దాన్ని పట్టుకొని శారమ్మ ముందుకు వంచింది. ఇంతకు ముందే వంచి ఉండవచ్చు. శారమ్మ ఆ మాట పైకి అనలేదు గానీ ముఖంలో దాచుకోలేదు. లూర్దు చేతిలో వంగిపోయిన వత్తిని వేళ్లతో నిలబెట్టి మంట అందించింది. మెత్తబడ్డ మైనం కాబట్టి చప్పున అంటుకుంది. వెనకే మిగతా తల్లులు ఒక్కొక్కరే తమ పిల్లల వత్తులు వెలిగించారు. యేసమ్మ పాట ఎత్తుకుంది. మిగతా తల్లులు అందుకున్నారు. ఇంటి దారి పట్టినామె రోడ్డు మలుపులో ఆగి, వెనక్కి చూసి, కొడుకును లాక్కొని పరుగెత్తుకొచ్చి వరుసలో దూరింది.

బాలవ్వ పక్కకు తప్పుకోబోయింది, మళ్లీ వంటింటి వైపు. శారమ్మ ఆమె మణికట్టు పట్టుకొని ఆపింది. ఆ పట్టు వదలకుండా ఇంకో చేత్తో లూర్దు చేయి పట్టుకుంది. ముగ్గురూ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చారు. వెనక పాట, పిల్లల అడుగుల చప్పుడు. అవతల పటేళ్ల అరుగుల మీద మనుషులు లేచి నిలబడి చూస్తున్నారు. ఒక ఇంటి తలుపు దభాలున మూసుకుంది. శారమ్మ ఆ తలుపు వైపు చూస్తూనే పాట గట్టిగా అందుకుంది.

రోడ్డు రెండుగా చీలే చోట బాలవ్వ అడుగు ఆగిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది. ముసలిదాని ముఖంలో కంగారు.

"ఎటు మర్రాల్నే శారవ్వా?" అని గుసగుసగా అడిగింది. "ఊరేగింపు ఎటు పోతదో నేనెన్నడు సూడలే."